విజయవాడ ఇంట్లో జనపనార రగ్గు వేసేముందు నేల చూసుకోండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. పటమటలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. నిరుడు వేసవిలో హాల్లోకి ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న జనపనార రగ్గు కొన్నారు. ఆగస్టు వచ్చేసరికి ముక్క వాసన మొదలైంది, ఎత్తి చూస్తే అడుగున నల్లటి చుక్కలు. ఇంట్లో రెండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు ఉన్నారు. మన ఊరి వాతావరణానికి నార రగ్గులు పనికిరావు, ప్లాస్టిక్‌ది వేసుకోండి అని చుట్టుపక్కల వాళ్లంతా అంటున్నారు. అది నిజమేనా, పాత రగ్గు ఉంచాలా పారేయాలా, కొత్తది కొంటే ఏం కొనాలి, ఉన్నిది పనికొస్తుందా అని అడిగారు.

మన ఊరికి పనికిరావన్న మాట నిజం కాదండీ. నేను విజయవాడలో 22 ఏళ్లుగా కర్టెన్లు, రగ్గులు, తివాచీల పనిలోనే ఉన్నాను. అమ్మడం ఎంతో, పాడైనవి బాగుచేయడం కూడా అంతే. నా దగ్గరికి వచ్చిన నార రగ్గుల్లో ఎక్కువ భాగం అడుగు నుంచే పాడయ్యాయి. పైన కాఫీ ఒలికితే ఇల్లంతా పరిగెత్తి తుడుస్తారు. పొద్దున్నే ఫినాయిల్ నీళ్లతో తుడిచిన నేల పూర్తిగా ఆరకముందే రగ్గు పరిచేస్తే మాత్రం ఎవరూ పట్టించుకోరు. రోజుకి కొంచెం చొప్పున ఆ తడి అడుగునే ఉండిపోతుంది. మీ రగ్గుకి జరిగింది కూడా అదే అయ్యుంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ అంటున్నారు కాబట్టి నేలలోంచి వచ్చే చెమ్మ కూడా దానికి తోడై ఉండొచ్చు.

జనపనార మనకేం కొత్త కాదు. పొట్లం కట్టే పురికొస, ధాన్యం నింపే గోనె, రెండూ అదే నార. గోంగూర కోసుకునే గోగు మొక్క కాండం నుంచి వచ్చే గోగునార దీనికి దగ్గర చుట్టం. విజయనగరం, శ్రీకాకుళం వైపు నార కోసమే గోగు వేస్తారు. కోసిన కట్టలను నీళ్లలో ఊరేసి, బెరడు మెత్తబడ్డాక నార ఒలుస్తారు. జనపనార తీసేదీ ఇలాగే. నీళ్లలో నాని పుట్టిన నార, నీళ్లను తొందరగానే పట్టుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, 100 కిలోల ఎండు జనపనార దాదాపు 13, 14 కిలోల చెమ్మ పీల్చి ఉంచుకుంటుంది. నూలైతే ఎనిమిదిన్నర కిలోల దాకా. ప్లాస్టిక్ దాదాపు ఏమీ పీల్చదు. వానాకాలంలో మన దగ్గర గాలి అంతకంటే చెమ్మగానే ఉంటుంది కాబట్టి నార ఇంకా ఎక్కువ తాగుతుంది. అలా పీల్చడం లోపమేమీ కాదు, కానీ పీల్చిన చెమ్మ మళ్లీ బయటికి పోవడానికి దారి కావాలి. మీ హాల్లో ఆ దారి మూసుకుపోయింది.

అందుకని కొత్త రగ్గు సంగతి పక్కన పెట్టి, ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. రగ్గు తీసేసి నేలను పొడిగా తుడవండి. రంగు లేని ప్లాస్టిక్ కవర్ ఒకటిన్నర అడుగు చదరం ముక్క కత్తిరించి, హాలు మధ్యలో నేలకి ఆనించి, నాలుగు పక్కలా గాలి దూరకుండా వెడల్పాటి టేప్ అంటించండి. ఇలాంటిదే ఇంకొకటి బయటి గోడ పక్కన పెట్టండి. ఒక పగలు, ఒక రాత్రి వదిలేయండి. ఎండ పడే చోట మాత్రం పెట్టొద్దు. మర్నాడు తీసి చూస్తే కవర్ లోపలి వైపు నీటి చుక్కలు గానీ, కింద నేల ముదురు రంగుగా గానీ కనిపిస్తే, చెమ్మ నేలలోంచే వస్తోందని అర్థం. టైల్స్ ఉన్నా వాటి సందుల్లోంచి వస్తుంది. అలాంటి నేల మీద ఎంత ఖరీదైన రగ్గు వేసినా వానాకాలం గడవదు. ప్లాస్టిక్ రగ్గు వేస్తే అది కుళ్లదు గానీ, దాని కింద నీళ్లు నిలిచి అదే వాసన వస్తుంది. పొడిగా ఉందంటే మాత్రం మీ రగ్గు పాడైంది చాలామటుకు తుడిచే పద్ధతి వల్లే అయ్యుంటుంది. దాన్ని మార్చుకోవడం మన చేతిలో పని.

మార్చుకోవాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు. తుడిచే ముందు రగ్గు చుట్టి, నిలబెట్టి ఉంచండి. తుడిచాక ఫ్యాన్ వేసి, నేల మీద అరచేయి పెడితే చల్లగా, జిగటగా తగలనంత వరకూ ఆగండి. వానాకాలంలో దీనికి గంట కూడా పట్టొచ్చు. శుక్రవారం ఇల్లు కడిగే అలవాటుంటే ఆ రోజు సాయంత్రం దాకా రగ్గు పరచకండి. పనిమనిషి తుడుస్తుంటే ఆమెకి ఈ సంగతి ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి. తడిబట్ట రగ్గు అంచు కిందకి తోసి తుడవడం అందరూ చేసేదే, అంచులు ముందుగా కుళ్లేది కూడా అందుకే.

కూలర్ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో ఒకాయన నల్లబడిన రగ్గు తెచ్చి, ఎండలు 44 డిగ్రీలు కాస్తుంటే బూజు ఎలా వస్తుందండీ అని అడిగారు. వాళ్ల హాల్లో ఎయిర్ కూలర్ రాత్రంతా సరిగ్గా రగ్గు మీదికే వీస్తోంది. కిటికీలు మూసి ఉన్నాయి. కూలర్ ఇచ్చేదే తడిగాలి. మీ ఇంట్లో కూలర్ ఉంటే దాని ముందు నార పరచకండి, ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి. ఏసీ గదిలో ఈ బాధ తక్కువ. అయితే ఏసీ ఆపగానే తలుపులు తెరిస్తే బయటి చెమ్మగాలి చల్లటి టైల్స్ మీద నీరుగా పేరుకుంటుంది. కాసేపాగి తెరవండి.

ఇక ఏం కొనాలన్నది. మీ ఇంటికైతే హాలు మధ్యలో జనపనార వద్దంటాను. రెండేళ్ల పిల్లాడు మోకాళ్ల మీద పాకుతాడు, పడతాడు, అక్కడే పడుకుంటాడు. నార గరుకు, కొత్తలో పొట్టు కూడా రాలుతుంది. పాలు, మూత్రం, పప్పన్నం అన్నీ దాని మీదే పడతాయి, దాన్నేమో నీళ్లలో ముంచి ఉతకలేరు. అక్కడ నూలు జంపఖానా వేయండి. వరంగల్ జంపఖానాలు మీరు వినే ఉంటారు, 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల పని అది. పైన కుచ్చు ఉండదు, బల్లపరుపుగా నేస్తారు, రెండు వైపులా వాడుకోవచ్చు. ఒకవైపు మాసితే తిరగేస్తారు, పూర్తిగా మాసితే ఉతుకుతారు. మీ ఇంటికి ఇంతకంటే అనువైనది నాకు తోచడం లేదు. మొదటి ఉతుకులో నూలు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి కావాల్సిన కొలత కంటే కొంచెం పెద్దదే తీసుకోండి. రంగు దిగుతుందేమో కొట్లోనే చూసుకోండి. తెల్లటి చేతిరుమాలు తడిపి, ఎరుపు, నీలం చారల మీద గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు అంటితే ఇంట్లో టైల్స్‌కీ అంటుతుంది.

అత్తగారి గురించి ఒక జాగ్రత్త. జంపఖానా పలచగా ఉంటుంది, నున్నటి టైల్స్ మీద జారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పాదం పూర్తిగా ఎత్తరు, ఈడ్చి నడుస్తారు. పైకి లేచిన అంచు ఒక్కటి చాలు పడిపోవడానికి. కింద తప్పకుండా జారకుండా పట్టుకునే రబ్బరు వల వేయండి. ఆ వలకి కన్నాలుండాలి, గాలి ఆడాలి. గట్టి ప్లాస్టిక్ షీటు వేస్తే చెమ్మ మళ్లీ లోపలే చిక్కుకుంటుంది. ఆవిడ గది నుంచి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో అసలు ఏ రగ్గూ వద్దు, ఎంత అందంగా ఉన్నా సరే.

నార అంటే మీకు ఇష్టమని అర్థమవుతోంది, వదులుకోనక్కర్లేదు. సోఫా ముందు, పిల్లాడు ఎక్కువగా ఆడని చోట చిన్నది వేసుకోండి. కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. కొత్త జనపనారకి కొద్దిగా కిరోసిన్ లాంటి వాసన ఉంటుంది. మిల్లులో నార మెత్తబడటానికి నూనె కలుపుతారు, అది కొన్ని రోజులు గాలికి పెడితే పోతుంది. పాత గోతాంలో వచ్చే ముక్క వాసన ఉంటే మాత్రం గోడౌన్‌లోనే తడిసిందని అర్థం, వదిలేయండి. వేలి కొనతో అల్లిక మధ్య నొక్కి చూడండి. సులభంగా దూరిపోతే వదులు నేత, ఆరు నెలల్లో సాగిపోతుంది. తిరగేసి చూడండి. అడుగున రబ్బరు పూత ఉన్నది మన ఎండలకి రెండు మూడేళ్లలో పొడిపొడిగా రాలుతుంది, చెమ్మనూ ఆపుతుంది. రెండు వైపులా నారే కనిపించేది తీసుకోండి. తెల్లగా బ్లీచ్ చేసినదాని కంటే సహజమైన బంగారు రంగుదే గట్టిగా ఉంటుంది.

గుమ్మం ముందు కొబ్బరి పీచు పట్టాకి సాటి లేదు. కొబ్బరి పీచులో నారను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ బాగా ఎక్కువ, అందుకే నీళ్లకి అంత త్వరగా కుళ్లదు. గడప కడిగిన నీళ్లు, వాన చినుకులు తట్టుకుంటుంది. కోనసీమ పీచే మనకి దగ్గర్లో దొరుకుతుంది. వారానికోసారి తిరగేసి దులిపి ఎండలో వేస్తే చాలు. కిత్తనార, అదే సిసల్, గట్టిదనంలో జనపనార కంటే మేలే గానీ, నీటి చుక్క పడితే మచ్చ తేలుతుంది. మీకు వద్దు. ఈతచాప, తుంగచాప చుట్టి మూల పెట్టుకునేవి, వాటితో పేచీ లేదు, అత్తగారు మధ్యాహ్నం నడుం వాల్చడానికి తుంగచాప చల్లగా ఉంటుంది.

ఉన్ని కూడా అడిగారు. మనకి గంట దూరంలోనే ఏలూరు తివాచీలున్నాయి. నూలు పడుగు, అంటే నిలువు దారాల మీద ఉన్ని ముడులు వేసి చేత్తో నేసే పని, తరతరాల నుంచి వస్తోంది. చేతి ముడిదో కాదో తెలుసుకోవడానికి తిరగేయండి. ముందు కనిపించే పువ్వూ లతా వెనక కూడా స్పష్టంగా కనిపించాలి, అంచున కుచ్చులు పడుగు దారాల కొనసాగింపుగా ఉండాలి. వెనక గుడ్డ అంటించి, కుచ్చులు విడిగా కుట్టి ఉంటే అది జిగురుతో చేసిన టఫ్టెడ్ రకం. ఉన్ని బాగా మన్నుతుంది, నిప్పు కూడా తొందరగా అంటుకోదు. అయితే ఉన్నికి ఏమీ కాదనుకోవద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ఇళ్లను ముంచినప్పుడు, ఒక పెద్దావిడ తన అమ్మమ్మ నాటి ఏలూరు తివాచీ ఆటోలో వేసుకుని తెచ్చారు. నాలుగు రోజులు బురదనీళ్లలో ఉందట. బురద కడిగితే ఎరుపు, పచ్చ రంగులు ఇంకా బతికే ఉన్నాయి, ఆవిడ ముఖం వెలిగింది. ఆరాక అంచు పట్టుకుని కొంచెం వంచాను. లోపల పడుగు నూలు పిటపిటమని తెగింది, ఎండు ఈనెలు విరిచినట్టు. ఉన్ని బాగానే ఉంది, దాన్ని మోసే నూలు కుళ్లిపోయింది. మధ్యలోంచి బాగున్న రెండడుగుల ముక్క కోసి, చుట్టూ గుడ్డ అంచు కుట్టి ఇచ్చాను, గోడకి తగిలించుకున్నారు. మిగిలింది పారేయమన్నాను. మురుగు కలిసిన వరదనీళ్లలో నానిన రగ్గు ఏదైనా పిల్లలు తిరిగే ఇంట్లో మళ్లీ పరచకూడదు. ఆ మాట ఆవిడకి చెప్పడం నాకు కష్టమైంది.

కొట్లో "ఆర్ట్ సిల్క్", "బ్యాంబూ సిల్క్" అని మెరిసేవి చూపిస్తారు, సహజమైనవే అంటారు. చాలామటుకు అవి విస్కోస్. కలప గుజ్జు నుంచో వెదురు గుజ్జు నుంచో రసాయనాలతో తీసిన దారం. దారం కాల్చి చూడమని అందరూ చెబుతారు. ప్లాస్టిక్‌ని పట్టుకోవడానికి ఆ పరీక్ష బాగుంటుంది, కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన. కానీ విస్కోస్ కూడా నూలులాగే కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది, అక్కడే మోసపోతాం. ఆ దారాన్ని నోట్లో తడిపి లాగండి. విస్కోస్ తడిస్తే బలం పోయి పుటుక్కున తెగుతుంది, నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. నీళ్లతో తుడవలేని, తడిస్తే తెగే రగ్గు మన ఇళ్లకెందుకు?

మరకల్లో మన ఇళ్లలో అసలైనది పసుపు. సాంబారైనా, చారైనా, పూజ నాటి పసుపైనా అదే. వెంటనే సబ్బు పెట్టి రుద్దుతారు, మరక ఎర్రగా మారుతుంది, భయపడి ఇంకా రుద్దుతారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, సబ్బులో ఉన్న క్షారం చేసేదీ అదే. ముందు చెంచాతో పైది ఎత్తేయండి. పొడి నూలు గుడ్డతో, పాత పంచె ముక్క అయితే మరీ మంచిది, పైనుంచి అదిమి పీల్చండి, రుద్దొద్దు. జంపఖానా అయితే చల్లనీళ్లతో ఆ చోటు కడిగి ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకి విరుగుతుంది, రెండు మూడు రోజుల ఎండలో చాలావరకు పోతుంది. జనపనారని మాత్రం రోజంతా ఎండలో వదలొద్దు, నార పసుపుపచ్చగా ముదిరి పెళుసవుతుంది. పొద్దుటి ఎండ గంటసేపు చాలు. నారపై నీళ్లు పడితే రెండు వైపుల నుంచీ అద్ది, అడుగున స్టూలు పెట్టి ఎత్తి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. నేల మీదే వదిలేస్తే మరక అంచున గోధుమరంగు వలయం తేలుతుంది, అది పోవడం కష్టం. నూనె పడితే మైదా గానీ టాల్కమ్ పౌడర్ గానీ దట్టంగా చల్లి, రాత్రంతా ఉంచి, మెత్తటి బ్రష్‌తో దులపండి.

దుమ్ము మాత్రం అశ్రద్ధ చేయొద్దు. నేతలో దిగిన ఇసుక రేణువులు అడుగు వేసినప్పుడల్లా నారని కోస్తాయి. వారానికోసారి రగ్గుని బోర్లా పరిచి, దాని మీద నాలుగైదుసార్లు అటూ ఇటూ నడిచి, ఎత్తి చూడండి. నేల మీద మిగిలిన ఇసుక చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. వాక్యూమ్ ఉంటే తిరిగే బ్రష్ తీసేసి, పీల్చడం ఒక్కటే వాడండి. కర్రతో దులపాలంటే మేడ మీదికి తీసుకెళ్లండి, దుమ్ము పక్కింటి వాకిట్లో పడకుండా.

పురుగుల కోసం నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు, బాబు ఉన్న ఇల్లు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకి నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదముంది. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టండి, నెలకోసారి రగ్గు తెరిచి గాలికి వేయండి. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. అది చీకట్లో, సోఫా కింద కదలిక లేని చోటే ఉంటుంది. అందుకే సోఫా అటూ ఇటూ జరిపి రగ్గు తిప్పి వేయడం మందు కంటే బాగా పనిచేస్తుంది. వానాకాలంలో తీసి దాచేటట్లయితే పూర్తిగా ఎండాక చుట్టండి, మడతపెడితే మడత దగ్గర నార విరుగుతుంది. పాత నూలు దుప్పటిలో చుట్టి, గోడకి ఆనించకుండా, మంచం మీదో బల్ల మీదో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మూసేస్తే తీసేటప్పటికి మళ్లీ ముక్క వాసనే.

ఇక మీ పాత రగ్గు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, బాబుని దూరంగా ఉంచి, మేడ మీద నల్ల చుక్కలు గట్టి బ్రష్‌తో దులపండి. రెండు పొద్దుల ఎండ తగలనివ్వండి. తర్వాత చుక్క ఉన్నచోట నారని రెండు వేళ్ల మధ్య పట్టుకుని గట్టిగా లాగండి. పీచులుగా విడిపోతే లోపల కుళ్లింది, పారేయండి. గట్టిగా ఉండి, వారం తర్వాత వాసన తిరిగి రాకపోతే సోఫా ముందు వేసుకోవడానికి బాగున్న మేర కోయించి, అంచు కుట్టించుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, ఉబ్బసం ఉంటే మాత్రం ఈ ప్రయత్నమే వద్దు, పారేయడమే మంచిది.

కొత్తది ఇప్పుడే కొనకండి. కవర్ పరీక్ష ఈ వారంలో చేసి, రెండు చోట్లా కింద ఏం కనిపించిందో రాయండి, హాల్లో సోఫా, టీపాయ్ ఎక్కడున్నాయో కూడా చెప్పండి. దాన్ని బట్టి జంపఖానా కొలత చెబుతాను.